ఆ కాగితం మీద నేనెందుకు సంతకం పెట్టలేదంటే

మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఒడిశాలోని మా బరంపురం కోర్టులో, లాయర్లు కూర్చునే బార్ రూమ్‌లో ఒక కాగితం తిరిగింది. విదేశీ లాయర్లను మన దేశంలో అడుగు పెట్టనివ్వకూడదని, వాళ్లకు ఇక్కడ కొంత పని అనుమతిస్తూ, లాయర్ల మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన నిబంధనలు వెనక్కి తీసుకోవాలని అందులో రాసి ఉంది. నా దగ్గరికి వచ్చేసరికే ముప్పై మందికి పైగా సంతకాలు పెట్టేశారు. నేను పెట్టలేదు. సాయంత్రం మా సీనియర్ గారు ఫోన్ చేసి, "ఏమ్మా, నీకేమైంది? మనవాళ్లతో లేవా నువ్వు?" అని అడిగారు. ఆయన దగ్గరే నేను దావా రాయడం నేర్చుకున్నాను. ఆయన మాట కాదనడం నాకు చాలా కష్టం. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మా బార్‌లో తెలుగు చదివేవాళ్లు చాలామందే ఉన్నారు, చదవని వాళ్లకు చదివి వినిపించేవాళ్లూ ఉన్నారు.

ముందుగా భయం సంగతి. "ఇంగ్లీషు కంపెనీలు వచ్చి మన పొట్ట కొడతాయి" అంటున్నారు. జిల్లా కోర్టులో ప్రాక్టీస్ అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. 23 ఏళ్లుగా చేస్తున్నాను. వాయిదాకు ఐదొందలు చేతిలో పెట్టి "మిగతాది పంట వచ్చాక" అనే క్లయింట్లే నాకూ ఎక్కువ. ఆ ఐదొందలకు కూడా పోటీ వస్తుందంటే ఎవరికైనా టెన్షనే. కానీ ఆ నిబంధనలు ఎంతమంది చదివారు? 2023 మార్చిలో నోటిఫై చేసి, 2025 మేలో సవరించారు. విదేశీ లాయర్ ఇక్కడ రిజిస్టర్ చేసుకుంటే తన దేశపు చట్టం మీద, అంతర్జాతీయ చట్టం మీద సలహా ఇవ్వొచ్చు, అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లో (కోర్టు బయట మధ్యవర్తి ముందు తగాదా తేల్చుకునే చోట) వాదించొచ్చు. కోర్టులో నిలబడకూడదు. ఆస్తి హక్కు పత్రాలు పరిశీలించకూడదు, దస్తావేజులు రాయకూడదు. రిజిస్టర్ కాకుండా వచ్చి పోయేవాళ్లయితే 12 నెలల్లో 60 రోజులు మించకూడదు. అదీ వాళ్ల దేశం మనవాళ్లకు అలాంటి అవకాశం ఇస్తేనే. విదేశీ లాయర్ల మీదే నడిచిన బాలాజీ కేసులో 2018లో సుప్రీంకోర్టు, వచ్చి పోయేవాళ్ల విషయంలో గీసిన గీత కూడా ఇలాంటిదే. ఇందులో మన పార్టిషన్ సూట్లు, మన బెయిళ్లు, మన చెక్ బౌన్స్ కేసులు ఎక్కడున్నాయి? బెల్లగుంఠ నుంచి వచ్చే రైతు గట్టు తగాదా కోసం లండన్ నుంచి ఎవరూ రారు. ఢిల్లీ, ముంబైల్లో పెద్ద కంపెనీల పని చేసే ఆఫీసులకు పోటీ ఉంటుంది, అది నిజం. మనకు అడ్వర్టైజ్‌మెంట్ నిషిద్ధం, వాళ్లకు వాళ్ల దేశంలో అలాంటి ఆంక్ష లేదు అనే వాదనలోనూ న్యాయం ఉంది. ఇద్దరికీ ఒకే రూల్ పెట్టమని అడిగితే నేనూ సంతకం పెడతాను. ఆ కాగితం అలా అడగలేదు. "బయటివాడు" అన్న మాట అందులో నాలుగు సార్లు ఉంది.

బయటివాడు అనే మాట మన ఊరి నోట రావడమే నాకు బాధ.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. బరంపురం ప్లీడర్లకు అప్పీలంటే మద్రాసు హైకోర్టు. ఆ రోజుతో అది పట్నా హైకోర్టు అయింది. 1948 జులై 26న కటక్‌లో హైకోర్టు పెట్టాక కటక్ అయింది. అంటే ఒకే మనిషి, అదే కుర్చీ, అదే గుమస్తా, పన్నెండేళ్లలో మూడు హైకోర్టులు. ఆ రోజుల్లో వాళ్లను "మీరు మద్రాసు వాళ్లు, మాకు బయటివాళ్లు" అని పట్నాలో ఆపేసి ఉంటే ఈ జిల్లా కక్షిదారుల గతి ఏమయ్యేది? ఇక్కడ చట్టం కూడా మద్రాసు నుంచి వచ్చిందే. 1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ తెలియకుండా గంజాంలో పాత భూముల కేసు అర్థం కాదు. ఇప్పటికీ ముత్తాతల కాలం నాటి తెలుగు దస్తావేజు పట్టుకుని క్లయింట్లు వస్తారు. తెలుగు చదవలేని ఒడియా సోదర లాయర్లు ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి "దీదీ, ఇందులో ఏముంది?" అని అడుగుతారు. నేను చదివి చెబుతాను. రికార్డ్ ఆఫ్ రైట్స్‌లో, అంటే భూమి హక్కుల రికార్డులో, నాకు అర్థం కాని ఒడియా పదం ఉంటే వాళ్లు చెబుతారు. రెండు వైపులా తెలిసిన మనిషి వల్ల కోర్టుకు లాభమే తప్ప నష్టం లేదని నాకు నేర్పింది ఈ బల్లే.

వి.వి. గిరి గారి పేరు మన ఊళ్లో తెలియనివాళ్లు లేరు. 1894లో ఇక్కడే పుట్టారు. న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. 1916లో ఐరిష్ బార్‌లో చేరి, అదే ఏడాది తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ఎన్‌రోల్ అయ్యారు, అంటే లాయర్‌గా పేరు నమోదు చేసుకున్నారు. ఫారిన్ క్వాలిఫైడ్ లాయర్ అంటే ఆయనే కదా. అప్పుడు అదంతా ఒకే సామ్రాజ్యం కాబట్టి సాగింది, ఆ సామ్రాజ్యం మళ్లీ కావాలని ఎవరూ అనరు. కానీ మన ఊరు గర్వంగా చెప్పుకునే మనిషి వేరే దేశపు పట్టాతో వచ్చిన లాయరే అన్న సంగతి మరిచిపోవద్దు.

ఆయన పుట్టిన ఆ 1894లోనే దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో గాంధీగారు సుప్రీంకోర్టులో అడ్వకేట్‌గా చేర్చుకోమని దరఖాస్తు పెట్టారు. లండన్‌లో బారిస్టర్ అయి వచ్చిన మనిషి. అక్కడి లా సొసైటీ అభ్యంతరం చెప్పింది. ఒరిజినల్ సర్టిఫికెట్ జత చేయలేదన్నది ఒక సాకు. అసలు కారణం, ఈ నిబంధనలు రాసినప్పుడు తెల్లవాడు కాని మనిషి దరఖాస్తు పెడతాడని ఎవరూ అనుకోలేదట. చీఫ్ జస్టిస్ ఆ వాదన తోసిపుచ్చి ఆయనతో ప్రమాణం చేయించారు. తర్వాత తలపాగా తీయమన్నారు, ఆయన తీశారు. ఆ నేటాల్ చెరకు తోటల్లో మన తెలుగు కూలీలూ ఉండేవారు. గాంధీగారిని ఆ గుమ్మం దగ్గరే ఆపేసి ఉంటే ఆ కూలీల తరఫున కోర్టులో మాట్లాడే మనిషి ఒకరు తగ్గిపోయేవారు.

సరిగ్గా అదే మాట ఆడవాళ్లకూ చెప్పారు. సుధాంశుబాల హాజ్రా 1921లో లాయర్‌గా చేర్చుకోమని పట్నా హైకోర్టును అడిగారు. చట్టంలో "వ్యక్తి" అని ఉన్నా అందులోకి ఆడవాళ్లు రారన్నారు. 1923లో చట్టం మార్చాక గానీ తలుపు తెరుచుకోలేదు. ఆ చట్టం రాకపోతే నల్లకోటు వేసుకుని నేనిలా మాట్లాడేదాన్ని కాదు. అందుకే "రూల్ రాసినప్పుడు ఇలాంటివాళ్లు వస్తారని అనుకోలేదు" అనే వాదన ఎక్కడ విన్నా నాకు కడుపు మండుతుంది.

ఇక మా ఇంటి సంగతి. మా అన్నయ్య కూతురు ఐదేళ్ల లా చదివి, ఆలిండియా బార్ పరీక్ష రాసి, నా దగ్గరే మూడేళ్లు జూనియర్‌గా పనిచేసింది. పెళ్లయ్యాక ఇంగ్లండ్ వెళ్లింది. అక్కడ 2021 నుంచి సొలిసిటర్ (అక్కడి ఒక తరహా లాయర్) కావాలంటే ఎస్‌క్యూఈ అనే పరీక్ష రాయాలి. మొదటి భాగంలో 360 ప్రశ్నలు. కాంట్రాక్టులు, భూమి చట్టం, ట్రస్టులు, వీలునామాలు, క్లయింట్ డబ్బు లెక్కలు, అన్నీ వాళ్ల చట్టమే. రెండో భాగంలో క్లయింట్‌తో ఎలా మాట్లాడతావు, ఎలా డ్రాఫ్ట్ చేస్తావు, కోర్టులో ఎలా వాదిస్తావు అని చూస్తారు. రెండూ కలిపి నాలుగు వేల పౌండ్లకు పైనే ఫీజు. ఇండియాలో ఇప్పటికే లాయర్ కాబట్టి అక్కడివాళ్లు చేయాల్సిన రెండేళ్ల ఆఫీసు అనుభవం మా పిల్లకు అక్కర్లేదన్నారు. పగలు షాపులో పనిచేస్తూ రాత్రి చదువుకుంది. మొదటిసారి ఫెయిలైంది. ఆ రోజు ఫోన్ చేసి, "అత్తా, నాకు రాదేమో" అని ఏడ్చింది. రెండోసారి పాసైంది. ఇప్పుడు సొలిసిటర్. ఆ మొత్తం ప్రయాణంలో నువ్వు ఏ దేశం పౌరురాలివని, మీ దేశం మావాళ్లను రానిస్తుందా అని ఆ పరీక్ష పెట్టినవాళ్లు ఒక్కసారి కూడా అడగలేదు. మా చట్టం నీకు వచ్చా, నువ్వు నిజాయితీగల మనిషివేనా, అంతే. పరీక్ష కష్టమే. కష్టంగా ఉండాలి కూడా. కానీ కష్టపడి దాటితే అవతల తలుపు ఉందని ఆ పిల్లకు ముందే తెలుసు.

మా వీధిలోనే ఇంకో కుర్రాడు. బీకాం అయ్యాక విశాఖలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు "ఇంగ్లండ్‌లో రెండేళ్లలో ఎల్ఎల్‌బీ, తర్వాత ప్రపంచంలో ఎక్కడైనా ప్రాక్టీస్" అని చెప్పి పంపారు. వాళ్ల నాన్న సోంపేట దగ్గరున్న కొబ్బరి తోట అమ్మాడు. చదివి తిరిగొచ్చాక తెలిసింది, డిగ్రీ తర్వాత చదివే లా కోర్సు మన దగ్గర మూడేళ్లది, రెండేళ్ల పట్టా నేరుగా చెల్లదని. ఆ తేడా పూడ్చే బ్రిడ్జ్ కోర్సు చదవాలి, ఆపైన బార్ కౌన్సిల్ పెట్టే అర్హత పరీక్ష, ఆపైన ఎన్‌రోల్‌మెంట్, ఆపైన ఆలిండియా బార్ పరీక్ష. ఆ కుర్రాడు భారతీయ పౌరుడే, మన ఊరి పిల్లాడే. ఇప్పుడు నా ఆఫీసులో కూర్చుని ఫైళ్లు చదువుతాడు, జడ్జిమెంట్లు వెతికి పెడతాడు. గౌన్ వేసుకుని నాతో కోర్టు హాల్లోకి మాత్రం రాలేడు. తప్పుడు మాట చెప్పి పంపినవాళ్లను నేను క్షమించలేను. కానీ ఏ దేశంలో ఏ డిగ్రీ చదివితే ఇక్కడ ఏం రాయాలో, ఎంత కాలం పడుతుందో, పిల్లలు విమానం ఎక్కకముందే తెలుగులో, ఒడియాలో అర్థమయ్యేలా ఒక్క పేజీ పెట్టి ఉంటే ఆ తోట మిగిలేది కదా. మన తలుపులు మన పిల్లలకే సరిగ్గా తెరుచుకోవడం లేదు. చట్టంలో ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలని ఉంటే ఒడిశాలో 40 వేలు దాటి వసూలు చేశారు. 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పాక గానీ అది ఆగలేదు. దాని మీద మన బార్ రూమ్‌లో ఎప్పుడైనా కాగితం తిరిగిందా?

పౌరసత్వం సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో కనెక్టికట్ బార్ ఒక డచ్ పౌరురాలిని అమెరికన్ కాదని చేర్చుకోలేదు. 1973లో వాళ్ల సుప్రీంకోర్టు అది చెల్లదంది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా లా సొసైటీ ఒక బ్రిటిష్ పౌరుడి విషయంలో ఇదే పని చేస్తే 1989లో అక్కడి సుప్రీంకోర్టూ కొట్టేసింది. మన 1961 అడ్వకేట్స్ యాక్ట్‌లో 24వ సెక్షన్ ఇంకా పౌరసత్వం దగ్గరే మొదలవుతుంది. ఇతర దేశస్థుడైతే వాడి దేశం మనవాళ్లను రానివ్వాలి. దెబ్బకు దెబ్బ, తలుపుకు తలుపు అన్న లెక్క. దేశాల మధ్య బేరానికి అది పనికొస్తుందేమో. ఒక మనిషికి చట్టం వచ్చా రాదా అన్నది దానితో తేలదు.

ఇందులో అందరూ మరిచిపోయేది కక్షిదారుని. పోయిన ఏడాది ఒకావిడ తన కూతురితో నా దగ్గరికి వచ్చింది. అల్లుడు అమెరికాలో ఉంటాడు, అక్కడి కోర్టులో విడాకులకు వేశాడు. ఇంగ్లీషు నోటీసు పోస్టులో వచ్చింది. ఇక్కడి చట్టం వరకు నేను చెప్పగలను. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది, భార్య ఒప్పుకుని హాజరు కాకుండా, మన పెళ్లి చట్టంలో లేని కారణంతో అక్కడ తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని. విదేశీ తీర్పులు ఇక్కడ ఎప్పుడు చెల్లవో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ నాకు కంఠతా వచ్చు. కానీ ఆ తల్లి అడిగింది అది కాదు. "అమ్మా, అక్కడికి జవాబు పంపాలా వద్దా? పంపితే ఒప్పుకున్నట్టవుతుందా? పిల్లకు భరణం అక్కడ ఎంత వస్తుంది?" అని అడిగింది. ఆ రాష్ట్రపు చట్టం నాకు తెలియదు. తెలియని చట్టం మీద సలహా ఇస్తే అది మోసం. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో అక్కడి బార్‌లో ఉన్న మనిషి ఒకరు రిజిస్టర్ అయి కూర్చుని ఉంటే నేను ఆవిడను బస్సెక్కించి పంపేదాన్ని. ఇద్దరం కలిసి ఆ నోటీసు చూసేవాళ్లం. చివరికి వాళ్లు ఎవరో ఫోన్లో దొరికిన మనిషికి 60 వేలు కట్టారు. అతను లాయరో కాదో ఈరోజుకీ నాకు తెలియదు. ఇచ్ఛాపురం నుంచి పర్లాకిమిడి దాకా ఎన్ని ఇళ్లలో పిల్లలు గల్ఫ్‌లో, అమెరికాలో, ఇంగ్లండ్‌లో లేరు? వాళ్ల పెళ్లిళ్లు, వీలునామాలు, చనిపోతే రావాల్సిన పరిహారాలు, అన్నీ రెండు చట్టాల మధ్య ఇరుక్కుంటాయి. విదేశీ లాయర్‌ను ఆపితే నష్టపోయేది వీళ్లే.

పరీక్ష లేకుండా ఎవరినీ రానివ్వమని నేను అనడం లేదు. మన కోర్టులో నిలబడాలంటే మన చట్టం రావాలి. సాక్షి చెప్పే ఒడియా, తెలుగు అర్థం కావాలి. తప్పు చేస్తే మన బార్ కౌన్సిల్ ముందు నిలబడి జవాబు చెప్పాలి. ఇవి దాటినవాళ్లను ఏ దేశం పాస్‌పోర్ట్ అని అడగొద్దు. మన సంగతే చూడండి. దేశంలో ఎక్కడైనా ప్రాక్టీస్ చేసే హక్కు ఇచ్చే అడ్వకేట్స్ యాక్ట్ 30వ సెక్షన్ 1961లో రాశారు, అమలులోకి తెచ్చింది 2011లో. యాభై ఏళ్లు. విదేశాల్లో చదివిన మన పిల్లలు అంత కాలం ఆగలేరు.

సోమవారం ఆ కాగితం మళ్లీ నా దగ్గరికి వస్తుందట. సీనియర్ గారూ, మీరు ఇది చదువుతారని తెలుసు. సంతకం పెట్టను గానీ, కింద నాలుగు లైన్లు రాసి ఇస్తాను: అడ్వర్టైజ్‌మెంట్ విషయంలో మనకూ వాళ్లకూ ఒకే రూల్ ఉండాలి, విదేశీ పట్టా ఉన్న మన పిల్లలకు దారి ఏమిటో రాతపూర్వకంగా ముందే చెప్పాలి, ఏటా రెండుసార్లు తేదీ తప్పకుండా అర్హత పరీక్ష పెట్టాలి, "బయటివాడు" అన్న మాట నాలుగు చోట్లా కొట్టేయాలి. దాని మీద మీరు సంతకం పెడతారా?