వేంపల్లె అక్రమ కట్టడాలపై చర్య ఎప్పుడు?

కడప జిల్లా వేంపల్లె పరిసరాల్లో సుమారు 190 కోట్ల ఏళ్లుగా నిలబడి ఉన్న కట్టడాలకు ఇంతవరకు ఒక్క అధికారీ నోటీసు అంటించలేదు. సామాన్యుడు పెరట్లో రేకుల షెడ్డు వేసుకుంటే మర్నాడే గుమ్మంలో ప్రత్యక్షమయ్యే యంత్రాంగం, డోలమైట్ రాతిలో గుమ్మటం మీద గుమ్మటంగా లేచిన స్ట్రోమటోలైట్లు అనే పొరల రాళ్ల దగ్గరికొచ్చేసరికి కళ్లు మూసుకోవడం ఏం న్యాయం?

ప్రధాన నిందితులు సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు. కంటికి కనపడరు, కాబట్టి పలుకుబడి ఏ పాటిదో ఊహించుకోవచ్చు. వాళ్ల పద్ధతి చూడండి. అప్పట్లో అక్కడ లోతులేని సముద్రం. ముందు దాని అడుగున జిగురు చాప ఒకటి పరిచారు. అలలు తెచ్చిన మెత్తటి మట్టి, సున్నపు రేణువులు దానికి అంటుకున్నాయి. (రవాణా పర్మిట్ లేదు, రసీదు లేదు.) పైన మట్టి పేరుకుంటే వెలుతురు అందదు, వెలుతురు లేకపోతే తిండి లేదు. అందుకని కింది అంతస్తు ఖాళీ చేసి, పైకి పాకి, మళ్లీ చాప పరిచారు. తిండి వండుకోవడానికి నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తుంటే, ఆ నీటిలోని కార్బొనేట్ తనంతట తానే గట్టిపడి కూర్చుంది. సిమెంటు ఖర్చూ లేదన్నమాట! ఒక్కో అంతస్తు సాధారణంగా మిల్లీమీటరు మందం కూడా ఉండదు, ఎవరికీ అనుమానం రాకూడదనే. రాయిని కోసి చూస్తే ఉల్లిపొరల్లా అన్నీ బయటపడతాయి.

ఇక కాలుష్యం. పర్యావరణ అనుమతి అడక్కుండా ఈ వంశం ఆక్సిజన్ అనే వాయువును తరతరాలుగా వదిలింది. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట అది గాలిలో పేరుకోవడం మొదలయ్యేసరికి, అది పడని సూక్ష్మజీవులు బురదల్లోకి తప్పుకోవాల్సి వచ్చింది. అలాంటివాళ్లు కొందరు నేటికీ మన పేగుల్లో పునరావాసం పొందుతున్నారు. ఒక్క ప్రజాభిప్రాయ సేకరణ సభైనా జరిగిందా? (ఈ వాయువు గురించి కోర్టులో గట్టిగా మాట్లాడొద్దని మా లాయరు అంటున్నారు. అది పీలుస్తూనే అన్నారు.)

సర్కారు మాత్రం తుమ్మలపల్లెలో ఈ వేంపల్లె డోలమైట్ పొరలనే తవ్వి యురేనియం తీసుకుంటోంది. కట్టడం అక్రమం, అందులోని సొత్తు సక్రమం!

నిజానికి వీళ్లకు పగ్గాలు వేసింది ఏ శాఖా కాదు. జంతువులు పుట్టుకొచ్చి ఆ చాపల్ని మేసేయడం వల్లే ఈ కట్టడాలు చాలావరకు తగ్గిపోయాయని శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అంటారు. ఇప్పటికీ నత్తలు ఆ పని చేస్తున్నాయి. నత్తనడక అని మనం వెక్కిరించే ప్రాణి, కూల్చివేతల్లో మన టౌన్ ప్లానింగ్ కంటే ముందుంది.

నోటీసు ఇద్దామంటే బంధువర్గం ఆస్ట్రేలియాలో సెటిలైంది. షార్క్ బేలోని హామెలిన్ పూల్ నీరు మామూలు సముద్రం కంటే దాదాపు రెట్టింపు ఉప్పన, అక్కడ నత్తల బెడద తక్కువ. ఏడాదికి మిల్లీమీటరులో మూడో వంతు చొప్పున అదనపు నిర్మాణం బాహాటంగా సాగుతోంది. చర్య తీసుకోవాల్సింది పోయి 1991లో షార్క్ బేకి ప్రపంచ వారసత్వ హోదా కట్టబెట్టారు.

కాబట్టి మిగిలింది రెగ్యులరైజేషనే. 190 కోట్ల ఏళ్ల పెనాల్టీని వడ్డీతో సహా వసూలు చేయాలని డిమాండ్ చేస్తున్నాం. వాయిదాల్లో కట్టుకునే సౌకర్యం ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు.