ఒక్క టిక్కు ఖరీదు

నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ ఉంది. అదే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, దేశమంతటికీ బీమా నియమాలు రాసే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయమూ ఉంది. కూతురి పురిటికో, మనవడి బారసాలకో బయల్దేరే తల్లిదండ్రులకు మొదటి గేటు బాగా తెలుసు. రెండోది అక్కడుందన్న సంగతే చాలామంది ఎరగరు. యూరప్‌లోని షెంగెన్ దేశాల వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాలి. వైద్యం అంతకంతకూ ఖరీదైన అమెరికా మాత్రం పర్యాటక వీసాకు బీమా అడగదు. ఎవరూ అడగలేదు కనుక ఆ పని ఆఖరి వారానికి జారిపోతుంది. ఆవకాయ సీసాలకు టేపులు చుట్టి, సూట్‌కేసు 23 కిలోలు దాటకుండా సర్దడం అయ్యాక, డాలస్‌లో ఉన్న కొడుకు ఆన్‌లైన్‌లో పది నిమిషాల్లో పాలసీ తీసేస్తాడు.

చిక్కంతా ఆ పది నిమిషాల్లోనే ఉంది. ‘ఇప్పటికే ఏవైనా జబ్బులున్నాయా?’ అని ఫారంలో ఒక గడి. నాన్నకు పన్నెండేళ్లుగా బీపీ. మాత్ర వేసుకుంటే నార్మలే కదా అనుకుని ‘లేదు’ మీద టిక్కు పెడతారు. అక్కడ ఒక అర్ధరాత్రి గుండెలో నొప్పి వచ్చి ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, నర్సు మొదట అడిగేవాటిలో ఆ ప్రశ్నే ఉంటుంది. పెద్దాయన ఉన్నదున్నట్టు చెబుతారు. చెప్పి తీరాలి కూడా, దాస్తే ప్రాణం మీదికొస్తుంది. ‘పన్నెండేళ్లుగా రక్తపోటు’ అని కంప్యూటర్లోకి ఎక్కుతుంది. క్లెయిం పరిశీలించేవారు తెప్పించుకునే కాగితం అదే. ఫారం ఒకటి చెబుతోంది, ఆస్పత్రి రికార్డు ఇంకొకటి చెబుతోంది. ఇక క్లెయిం సంగతి చెప్పనక్కర్లేదు.

నిజం రాసినంత మాత్రాన గండం గట్టెక్కదు. చాలా పాలసీలు పాత జబ్బులను పక్కన పెడతాయి. అమెరికా కంపెనీలు అమ్మే కొన్ని విజిటర్ పాలసీల్లో ‘అక్యూట్ ఆన్‌సెట్’ అనే చిన్న కిటికీ ఉంటుంది. ముందస్తు లక్షణాలేవీ లేకుండా పాత జబ్బు హఠాత్తుగా తిరగబెట్టి, 24 గంటల్లో చికిత్సకు వెళ్తే డబ్బిస్తారు. వయసు 70 దాటితే ఆ కిటికీ చాలాచోట్ల సగం మూసుకుంటుంది, కొన్నిచోట్ల పూర్తిగా. రెండు రోజులు ఆయాసపడుతున్నా ‘గ్యాసే అయ్యుంటుంది’ అని ఈనో కలిపిచ్చి చూశారనుకోండి, ఆ రెండు రోజులే కంపెనీకి దొరికిన వాదన.

మరో మోసకారి అంకె 50,000 డాలర్లు. చౌక ‘ఫిక్స్‌డ్’ పాలసీ అట్ట మీద ఇది పెద్దక్షరాల్లో ఉంటుంది. లోపలి పట్టికలో ఎమర్జెన్సీకి ఇంత, గదికి రోజుకింత, సర్జన్‌కింత అని విడివిడి పరిమితులుంటాయి. బిల్లు ఎంతైనా ఇచ్చేది అంతే. మన కంపెనీల పాలసీల్లోనూ 60 దాటినవారికి ఇలాంటి ఉప పరిమితులు మామూలే. డిడక్టిబుల్ (ముందుగా మనమే భరించాల్సిన మొత్తం) పోను మిగతాదాంట్లో శాతం లెక్కన చెల్లించే ‘కాంప్రహెన్సివ్’ పాలసీకి ప్రీమియం ఎక్కువే. అయినా పెద్దల విషయంలో మా ఓటు దానికే.

బిల్లు కూడా ఒకేసారి రాదు. ఆస్పత్రిది ఒకటి, ఎమర్జెన్సీ డాక్టరుది వేరు, స్కాన్ చూసిన రేడియాలజిస్టుది వేరు, అంబులెన్సుది ఇంకోటి. వారాల తేడాతో పోస్టులో వస్తూనే ఉంటాయి, అప్పటికి అమ్మానాన్నలు కూకట్‌పల్లికి తిరిగొచ్చేసి ఉంటారు. 1986 నాటి ఎంటాలా అనే అమెరికా చట్టం వల్ల డబ్బు లేదని ఎమర్జెన్సీ గుమ్మంలోంచి వెనక్కి పంపలేరు, కానీ ఆ చట్టం బిల్లును మాఫీ చేయదు. మొదటి కాగితం చూడగానే కార్డు గీకేయకూడదు. కోడ్‌లతో సహా ఐటమైజ్డ్ బిల్లు, అంటే ఏ సేవకు ఎంతో విడివిడిగా రాసిన బిల్లు అడగాలి. ఎమర్జెన్సీ విజిట్‌కు ఒకటి నుంచి ఐదు దాకా స్థాయిలుంటాయి. చిన్న సమస్యకు ఐదో స్థాయి వేశారేమో చూడాలి, చేయని పరీక్ష చేరిందేమో చూడాలి. అది లాభాపేక్ష లేని ఆస్పత్రి అయితే మొదటి బిల్లు వచ్చిన నాటి నుంచి 240 రోజుల వరకు ఆర్థిక సాయం దరఖాస్తు తీసుకోవాల్సిందే. విజిటర్లకు వర్తిస్తుందా లేదా అన్నది ఆ ఆస్పత్రి విధానాన్ని బట్టి ఉంటుంది, అడగడానికి ఖర్చేమీ లేదు. అసలు జ్వరానికీ, చెవిపోటుకూ, నాలుగు కుట్లకూ ఎమర్జెన్సీ మెట్లెక్కడమే పొరపాటు. వాటికి వీధి మలుపులోని అర్జెంట్ కేర్ అనే చిన్న క్లినిక్ చాలు.

పంటి పని ఇక్కడే పూర్తి చేసుకుని వెళ్లాలి. మందుల చీటీ మీద బ్రాండు పేరు పక్కన జెనరిక్ పేరు రాయించుకోవాలి. డోలో అన్నా, పారాసిటమాల్ అన్నా అక్కడి ఫార్మసీలో తెల్లమొహం వేస్తారు, అసిటమినోఫెన్ అనాలి. ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, విమానం కింది అరలో గడ్డకట్టి పాడయ్యే ప్రమాదముంది. లండన్ వెళ్లేవారికి ఇంకో తికమక: కొలిచే యూనిట్ వేరు కనుక మన 180 షుగరు అక్కడి మీటరులో 10 అని కనిపిస్తుంది. తగ్గిపోయిందని కంగారుపడి పంచదార నోట్లో వేసుకోవద్దు.

గల్ఫ్ కార్మికుల దారి వేరు. ఈసీఆర్ పాస్‌పోర్టు (విదేశీ ఉద్యోగానికి ముందుగా ప్రభుత్వ అనుమతి అవసరమైనది) మీద వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. అందులోని 10 లక్షలు ప్రమాద మరణానికీ, శాశ్వత వైకల్యానికీ. జ్వరమొచ్చినా ఆ 10 లక్షలే ఆదుకుంటాయని ఏజెంట్ చెబితే నమ్మకూడదు, ఆస్పత్రిలో చేరితే వచ్చే వైద్య కవరు వేరు, అది చాలా తక్కువ.

ఆరోగ్య పాలసీలకు సరళమైన సారాంశ పత్రం ఇవ్వాలనీ, పాలసీదారు కోరితే స్థానిక భాషలో ఇవ్వాలనీ ఐఆర్‌డీఏఐ 2024 జనవరి 1 నుంచి నియమం పెట్టింది. విదేశీ ప్రయాణ పాలసీ అమ్మేటప్పుడు ఎవరూ అడగకుండానే ఆ పత్రం తెలుగులో చేతికందాలి. ఉప పరిమితులు మొదటి పేజీలో ఉండాలి. పాత జబ్బుల గడి పక్కనే ‘ఉన్నది లేదని రాస్తే క్లెయిం రాదు’ అని ఫారంలోని మిగతా అక్షరాల సైజులోనే అచ్చేయాలి. నానక్‌రామ్‌గూడ నుంచి ఒక సర్క్యులర్ వస్తే సరిపోయే పని ఇది.