రెండో కాపీ ఎక్కడుంది?

ఆధార్ కేసు విచారణ జరుగుతున్నప్పుడు, 2018 మార్చిలో, అప్పటి అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ సుప్రీంకోర్టుకు ఒక భరోసా ఇచ్చారు. ప్రజల సమాచారం 13 అడుగుల ఎత్తు, 5 అడుగుల మందం ఉన్న గోడల వెనక భద్రంగా ఉందని. గోడ అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ ఇలాంటి సమాచారాన్ని దాచే సర్వర్లుండే డేటా సెంటర్ భద్రత అనగానే మన పాలకులకు ముందు గుర్తొచ్చేది గోడే కావడం నన్ను కలవరపెడుతుంది.

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఈ బెంగ రెండింతలు ఉండాలి. బరంపురంలో ఇల్లు, ఇచ్ఛాపురం పక్కన నాలుగెకరాలు ఉన్న కుటుంబాలు ఎన్నో. ఇక్కడి పట్టా ఒడిశా భూరికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో, అక్కడి పాసుపుస్తకం ఆంధ్ర రికార్డుల్లో. ఏ సర్వర్ పడిపోయినా ఆఫీసుల చుట్టూ తిరిగేది మనమే.

కంచె, కెమెరాలు, వేలిముద్ర, సర్వర్లు పెట్టే ప్రతి ర్యాకుకు విడిగా తాళం: పెద్ద కంపెనీల కేంద్రాల్లో ఇవన్నీ మామూలే. వాటిలో నాకు బాగా నచ్చేది రెండు తలుపుల గది. మొదటి తలుపు పూర్తిగా మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోదు. ఒకరి వెనకాల ఇంకొకరు దూరిపోవడానికి వీల్లేదు. మన దగ్గర ఇది మరీ అవసరం. గేటు దగ్గర పుస్తకంలో పేరు రాయించేది మామూలు జనం చేతే. పెద్దసారు కారు కనబడితే గేటు బార్లా తెరుచుకుంటుంది. ఆయన వెంట వచ్చిన నలుగురూ ఎవరని అడిగే ధైర్యం కాంట్రాక్టు గార్డుకు ఎక్కడిది? 'కార్డు చూపించండి సార్' అన్నందుకు తన ఉద్యోగం పోదన్న నమ్మకం ఆ కుర్రాడికి కలగాలి. అది లేనిచోట ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా దండగే.

సమాచారం బయటికి పోవడానికి దొంగ గోడ దూకాల్సిన పని కూడా లేదు. అమెరికా ఆర్థిక సంస్థ మోర్గాన్ స్టాన్లీ పాత హార్డ్ డిస్కులను వదిలించుకునే పనిని, అందులో అనుభవం లేని సామాన్ల రవాణా కంపెనీకి అప్పగించింది. వాటిలో కొన్ని ఖాతాదారుల వివరాలతో సహా ఆన్‌లైన్ వేలానికి చేరాయి. 2022లో అమెరికా నియంత్రణ సంస్థ మోర్గాన్ స్టాన్లీకి 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

అసలు భయపడాల్సింది నిప్పుకి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడింది. సర్వర్ల పక్కనున్న లిథియం బ్యాటరీలను వేరే చోటికి మార్చే పనిలో ఉండగా మంట లేచింది. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్ల సమాచారం బూడిదైంది. పరిమాణం మరీ పెద్దదని దానికి బయట ఇంకో కాపీ ఉంచలేదట. సాంకేతికతలో అంత ముందున్న దేశంలో ఇదీ జరిగింది! 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా సెంటర్ కాలినప్పుడూ అంతే. బ్యాకప్ తీసుకున్నామని ధీమాగా ఉన్న కొందరు ఖాతాదారుల బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉంది. రెండు చోట్లా చొరబడినవాడంటూ ఎవడూ లేడు.

మన తీరానికి నిప్పుతో పాటు గాలి కూడా ఉంది. 1999 మహా తుపాను, 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ: నాలుగూ అక్టోబరులోనే వచ్చాయి. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ విశాఖలో, తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. భువనేశ్వర్‌లో కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వారి జాతీయ డేటా సెంటర్ 2018 నుంచి నడుస్తోంది. విశాఖలో గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. పెట్టుబడి రావడం సంతోషమే, మన పిల్లలకు ఉద్యోగాలొస్తే ఇంకా సంతోషం. అయితే ఒక కాపీ భువనేశ్వర్‌లో, ఇంకోటి విశాఖలో పెట్టి రెండు చోట్ల ఉంది కదా అనుకుంటే సరిపోదు. ఒకే తుపాను రెండు నగరాలనూ దెబ్బతీయకపోవచ్చు. కానీ తిత్లీ నాటి గజపతిని గుర్తు చేసుకోండి. స్తంభాలు పడిపోయి, ఘాట్ రోడ్లు తెగిపోయాయి. అలాంటి రోజుల్లో జనరేటర్‌కు డీజిల్ ట్యాంకరు ఏ దారిన వస్తుంది? రోడ్డు వెంట వేసిన కేబుల్ తెగితే రెండో దారి ఏది? మూడో కాపీ తీరానికి దూరంగా, హైదరాబాదులోనో పుణేలోనో ఉండాలి. తాజాగా కూడా ఉండాలి.

తుపాన్లను ఎదుర్కోవడంలో ఒడిశా దేశానికే పాఠం చెప్పింది. 1999 మహా తుపాను తర్వాత విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థను పెట్టుకుంది. ఫైలిన్ వచ్చినప్పుడు లక్షల మందిని ముందే తరలించి ప్రాణాలు కాపాడింది. తుపాను కాలానికి ముందు జరిపే మాక్ డ్రిల్‌లో మనుషులతో పాటు రికార్డులనూ చేర్చడం ఆ ప్రభుత్వానికి కష్టమేమీ కాదు. ప్రధాన సర్వర్‌ను ఒక పూట ఆపేయాలి. రెండో చోటి నుంచి పర్లాకిమిడి తహసీల్ ఆఫీసులో ఒక రైతు పట్టా ప్రింటు తీసి చూపించాలి. ఎంతసేపు పట్టిందో, ఏ రికార్డులు రాలేదో జిల్లా వెబ్‌సైట్‌లో ఒడియాలోనూ తెలుగులోనూ పెట్టాలి. సరిహద్దుకు అవతల ఇచ్ఛాపురంలో ఆంధ్ర ప్రభుత్వమూ ఇదే పని చేయాలి.