ప్రయోగశాల లేకపోతే శాస్త్రం కాదా?

విశాఖపట్నంలో ఎన్నికల ఊసు వచ్చినప్పుడల్లా కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంది. దాని సారం ఇదీ: రాజనీతి శాస్త్రం పేరుకే శాస్త్రం, దానికి ప్రయోగశాల లేదు. వెయ్యి మందిని అడిగి కోట్ల మంది మనసు చెబుతానంటుంది. ఎగ్జిట్ పోల్స్ బోల్తా పడుతూనే ఉన్నాయి. పరిశోధకులు ఎవరికి కావలసింది వారు రాసుకుంటారు. ఇంత తతంగం దేనికి, పోలింగ్ శాతాలు చూస్తే చాలదా? అపార్ట్‌మెంట్లున్న చోట తక్కువ, మురికివాడలున్న చోట ఎక్కువ, కాబట్టి చదువుకున్నవాళ్లు ఓటు వేయరు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో ఇంజనీర్లూ డాక్టర్లూ దీన్ని మెచ్చుకుంటూ పదిమందికీ పంపుతుంటే ఊరుకోవడం నావల్ల కాలేదు.

ముందు ప్రయోగశాల సంగతి. ఈ ఊళ్లోనే తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది. వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది కాబట్టి వేలాది మందిని ఖాళీ చేయించగలిగారు. అందుకోసం ఎవరూ గదిలో తుపాను పుట్టించి చూడలేదు. మరి వాతావరణ శాస్త్రానికి లేని అభ్యంతరం దీనికెందుకు? శాస్త్రానికి కావలసింది సరైన పోలిక. మిగతావన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నప్పుడు, ఒక కారణం ఉన్నచోట ఏం జరిగింది, లేనిచోట ఏం జరిగింది అన్నదే ప్రశ్న.

పైగా ప్రయోగాలు లేవన్న మాటే తప్పు. 1924లోనే రాజనీతి పరిశోధకుడు హెరాల్డ్ గాస్నెల్ షికాగోలో కొందరికి ఓటు వేయమని ఉత్తరాలు పంపి, పంపనివారితో పోల్చి చూశాడు. మన దేశంలోనైతే ప్రభుత్వం తనకు తెలియకుండానే ఒక పెద్ద ప్రయోగానికి ఏర్పాట్లు చేసిపెట్టింది. 73వ రాజ్యాంగ సవరణ తరువాత పంచాయతీ అధ్యక్ష పదవుల్లో మూడో వంతు మహిళలకు దక్కాయి. ఈసారి ఏ పంచాయతీ వంతు అన్నది ఆ ఊరి గుణగణాలతో సంబంధం లేకుండా, లాటరీ లాంటి పద్ధతిలో తేలింది. రాఘబేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో 265 పంచాయతీలను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఇద్దరిదీ అర్థశాస్త్ర రంగం కావచ్చు, ప్రశ్న మాత్రం అచ్చంగా రాజనీతిదే.

బెంగాల్‌లో మగవాళ్ల కన్నా మహిళలే తాగునీటి గురించీ రోడ్ల గురించీ ఎక్కువ మొరపెట్టుకునేవారు. అధ్యక్షపదవి మహిళకు దక్కిన చోట ఆ రెండు పనులూ పెరిగాయి. రాజస్థాన్ మహిళలు నీటి కోసం ఎక్కువగా అడిగేవారు, రోడ్ల గొడవ మగవాళ్లది. అక్కడ నీటి పనులు పెరిగి రోడ్ల పనులు తగ్గాయి. ఆ రోడ్ల దగ్గరే ఉంది ఈ పరిశోధన బలమంతా. రెండు రాష్ట్రాల్లోనూ అన్ని పనులూ పెరిగి ఉంటే, నిధులు ఎక్కువొచ్చాయేమోనని అనుమానించవచ్చు. ఒకచోట పెరిగి, మరోచోట తగ్గి, రెండుచోట్లా మహిళల మొరకు తగ్గట్టే నడిచింది కాబట్టి ఆ అనుమానానికి చోటు లేదు. 'పేరు ఆవిడది, పెత్తనం మొగుడిది' అని రచ్చబండ మీద తేల్చేసేవారు ఈ అంకెలకు జవాబు చెప్పాలి.

వెయ్యి మంది సంగతికొస్తే, అన్నం గిన్నెలో ఉన్నా గుండిగలో ఉన్నా ఉడికిందో లేదో చూడటానికి పట్టుకునే మెతుకులు అవే. కాకపోతే ముందు గరిటెతో కలపాలి. యాదృచ్ఛికంగా ఎంచుకున్న వెయ్యి మంది జవాబుల్లో సాధారణంగా 3 శాతం అటూ ఇటూ తేడా ఉంటుంది. విశాఖ లోక్‌సభ స్థానానికైనా, నాలుగు కోట్ల పైచిలుకు ఓటర్లున్న రాష్ట్రానికైనా ఆ లెక్క దాదాపు ఒకటే. కలపకుండా పైపైన తీస్తే ఎంత తీసినా దండగే. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. ఆ పత్రిక చిరునామాలు ఎక్కువగా ఫోన్ల, కార్ల యజమానుల జాబితాల్లోవి. పైగా కార్డు తిప్పి పంపే ఓపిక అందరికీ ఉండదు. కాలనీ గ్రూపులో ఓటింగ్ పెట్టి 'విశాఖ నాడి ఇదే' అని చాటేవారు చేస్తున్నదీ ఆ పనే.

ఎగ్జిట్ పోల్స్ 2004లోనూ 2024లోనూ దేశవ్యాప్తంగా తప్పాయి, నిజమే. అయితే ఓట్ల శాతాన్ని సీట్లుగా మార్చడం వేరే గండం. 2019లో తెలుగుదేశానికి 39 శాతం పైగా ఓట్లొస్తే 23 అసెంబ్లీ సీట్లు దక్కాయి. 2024లో వైఎస్సార్‌సీపీకి ఇంచుమించు అంతే ఓట్లొస్తే 11 మిగిలాయి. 2019లో విశాఖ లోక్‌సభ ఫలితం తేలింది 4,414 ఓట్ల తేడాతో. పోలైనవి పన్నెండు లక్షలకు పైనే. అలాంటి చోట నిజాయతీ ఉన్న సర్వేదారు 'చెప్పలేను' అనాలి. టీవీ చర్చలో ఆ మాట అమ్ముడుపోదు. అది టీవీ వ్యాపారం బాధ, పద్ధతి లోపం కాదు.

కావలసింది రాసుకుంటారన్న నింద గురించి ఒక్క మాట. 2014 చివర్లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక రాజనీతి పరిశోధనలోని సమాచారం నమ్మదగినది కాదని డేవిడ్ బ్రూక్‌మన్, జోషువా కల్లా, పీటర్ ఆరోనో బయటపెట్టారు. వీరూ ఆ రంగంవారే. 2015లో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది. వాట్సాప్ సందేశాన్ని ఎవరైనా ఉపసంహరించగా చూశారా?

ఇక అపార్ట్‌మెంట్ల వాదన. చూడటానికి ఇదే అన్నిటికన్నా గట్టిగా కనిపిస్తుంది. 2024లో రాష్ట్రం 80 శాతం దాటితే విశాఖ నగరం అంతకన్నా బాగా వెనుకబడిందన్నది వాస్తవం. కానీ బూత్ శాతం బూత్ గురించి చెబుతుంది, అందులోని మనిషి గురించి చెప్పదు. 1950లో రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికా జనాభా లెక్కలతో ఇది చూపించాడు. విదేశాల నుంచి వలస వచ్చినవారు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ. మనుషుల వారీగా చూస్తే మాత్రం వలస వచ్చినవారిలోనే నిరక్షరాస్యత కాస్త ఎక్కువ. అక్షరాస్యత బాగున్న రాష్ట్రాల్లో వారు స్థిరపడటమే ఈ తిరకాసుకు కారణం. మన బూత్‌లలోనూ ఫ్లాట్లూ, వాటి వెనక వీధిలోని రేకుల ఇళ్లూ ఒకే జాబితాలో ఉండవచ్చు. రానిది ఎవరో శాతం చెప్పదు.

హారం, అంటే శాతం లెక్కలో కింద వేసే జాబితాలోని మొత్తం పేర్ల సంఖ్య, దాని సంగతి ఇంకా ముఖ్యం. బదిలీల మీద వచ్చిపోయే నేవీ, బ్యాంకు ఉద్యోగుల కుటుంబాలు, శ్రీకాకుళంలోనూ ఇక్కడా రెండుచోట్లా పేరున్నవారు, చనిపోయినా జాబితాలో మిగిలినవారు, అందరూ హారంలోనే ఉంటారు. ఓటరు స్లిప్పులు పంచే బూత్ స్థాయి అధికారిని అడగండి: ఫ్లాట్‌లో ఆరు పేర్లుంటాయి, తలుపు తీసేది కొత్తగా అద్దెకు దిగిన జంట. వెయ్యి పేర్లున్న బూత్‌లో 600 ఓట్లు పడితే 60 శాతం. అందులో 200 మంది ఊళ్లోనే లేరనుకోండి, ఉన్నవారిలో 75 శాతం వేసినట్టు. అద్దెలు ఎక్కువగా మారే చోట ఈ తేడా పెరుగుతుంది. దానికి చదువుతో పనిలేదు.

ఆ వాదన తేల్చాలంటే దారి ఉంది. జాబితాలోంచి పేర్లు యాదృచ్ఛికంగా తీసి, పోలింగ్ మర్నాడే ఇళ్లకు వెళ్లాలి. మనిషి ఉన్నాడా, ఏం చదివాడు అని రాసుకోవాలి. ఓటేశారా అని అడిగితే వేయనివారూ వేశామంటారు కాబట్టి ఎడమ చేతి చూపుడు వేలి మీద సిరా చూడాలి. ఒకే వీధిలో ఉంటున్న పట్టభద్రుల వేళ్ల మీద మిగతావారి కన్నా సిరా తక్కువగా కనిపిస్తే, ఆ సందేశంలో చివరి మాట నేనూ ఒప్పుకుంటాను.