పగిలిన సిలిండర్ హెడ్: అతకాలా, మార్చాలా?

బల్ల మీద ఉన్నది నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ హెడ్, అంటే సిలిండర్లున్న బ్లాకు పైన మూతలా బిగించే భాగం. అల్యూమినియం పోత, వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ పైనే తిరిగే రకం. ఇంజిన్ బాగా వేడెక్కి ఆగిపోయాక విప్పారు. మూడో సిలిండర్‌లో రెండు వాల్వ్ సీట్ల (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే రింగుల) మధ్య ఒక గీత కనిపిస్తోంది. దీన్ని బాగుచేయవచ్చంటాడు వెల్డింగ్, మెషినింగ్ చేసే మేస్త్రి. కొత్తది వేయాల్సిందే అంటాడు ఇంజిన్ విప్పిన మెకానిక్.

మెకానిక్: ఇంకా చూసేదేముంది మేస్త్రీ? కొత్తది తెప్పిద్దాం. రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పైపులు రాయిలా బిగుసుకుంటున్నాయి. గ్యాస్ నీళ్లలోకి పోతోందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మేస్త్రి: హెడ్‌కీ బ్లాకుకీ మధ్య వేసే గాస్కెట్ కాలిపోయినా అవే లక్షణాలు కదా తమ్ముడూ. సీట్ల మధ్య ఉండే ఆ సన్నటి వంతెన హెడ్ మొత్తంలో బాగా కాలే చోట్లలో ఒకటి. వెంట్రుకవాసి గీతలు అక్కడ వస్తూనే ఉంటాయి. కొన్ని ఇంజిన్ల మాన్యువళ్లే ఆ గీత 0.5 మి.మీ. వెడల్పు దాటకపోతే అలాగే వాడుకోవచ్చంటాయి.

మెకానిక్: ఆ సడలింపు ఆ ఇంజిన్లకే. ఈ ఇంజిన్ మాన్యువల్‌లో లేని మాటను అరువు తెచ్చుకుంటే ఎలా?

మేస్త్రి: తెచ్చుకోవద్దులే. టెస్ట్ చేద్దాం. మసి, గాస్కెట్ ముక్కలు పోయేలా కడిగి, ఎర్ర రంగు స్ప్రే కొట్టి పది నిమిషాలు వదిలేసి, పైది తుడిచి తెల్ల డెవలపర్ కొడితే పగులు ఎంత దూరం పాకిందో ఎర్రగా తేలుతుంది. కాస్ట్ ఐరన్ హెడ్ అయితే అయస్కాంతం, ఇనుప పొడితోనే తెలిసిపోయేది. అల్యూమినియానికి అయస్కాంతం పనిచేయదు.

మెకానిక్: రంగు పైపైన పగులే చూపిస్తుంది. అది వాటర్ జాకెట్‌ దాకా, అంటే లోపల నీళ్లు తిరిగే దారి దాకా దిగిందో లేదో ప్రెషర్ టెస్టే చెప్పాలి. అదీ చల్లటి నీళ్లలో చేస్తే నేను ఒప్పుకోను. చల్లగా ఉన్నప్పుడు నోరు మూసుకున్న పగులు వేడెక్కితేనే తెరుచుకుంటుంది.

మేస్త్రి: నేనూ అదే అంటాను. నీటి రంధ్రాలన్నీ రబ్బరు ప్లేట్లతో బిగించి, 2 నుంచి 3 బార్ గాలి ఎక్కించి, 70, 80 డిగ్రీల నీళ్లలో ముంచి పావుగంట ఉంచాలి. బుడగ ఎక్కడినుంచి వస్తుందో దాన్నిబట్టే తీర్పు. సీట్ల మధ్య నుంచి, బ్లాకు మీద ఆనే ముఖం వైపు వస్తే అతకచ్చు. ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటికి పోయే దారి) లోతులో వెల్డింగ్ టార్చ్ అందని చోటునుంచి వచ్చినా, ఆయిల్ దారికీ నీటి దారికీ మధ్య గోడ పగిలినా, హెడ్ బోల్టు రంధ్రం చీలినా నేనే వద్దంటాను.

మెకానిక్: సరే, ముఖం వైపే అనుకుందాం. మీరు కాల్చినచోట లోహం మెత్తబడుతుందా లేదా?

మేస్త్రి: మెత్తబడుతుంది. దాచడానికేముంది? పోతపోశాక వేడి చేసి గట్టిపరిచిన లోహం అది. వెల్డు చుట్టూ ఆ గట్టిదనం కొంత పోతుంది. ఎంత పోతుందనేది మాత్రం పని తీరును బట్టి. ముందు కామ్‌షాఫ్ట్, వాల్వులు, ఆ సిలిండర్ సీట్లు, వాల్వు కాడ కదిలే గైడ్లు తీసేయాలి. పగులు రెండు చివరలా చిన్న రంధ్రం వేయాలి, లేకపోతే వేడికి గీత ముందుకు పాకుతుంది. పగులు అడుగు కనిపించేదాకా కార్బైడ్ కట్టర్‌తో వీ ఆకారంలో తవ్వాలి. నూనె మరక మిగిలితే వెల్డు నిండా బుడగలే. ఓవెన్‌లో హెడ్ మొత్తాన్నీ సుమారు 200 డిగ్రీలకు తెచ్చి, ఏసీ టిగ్ వెల్డింగ్‌తో, ఆర్గాన్ గ్యాస్ కింద, 4043 రకం అల్యూమినియం రాడ్‌తో నింపాలి. అందులో సుమారు 5 శాతం సిలికాన్ ఉంటుంది కాబట్టి పోతలోహంతో బాగా కలుస్తుంది. తర్వాత దుప్పటి కప్పి నెమ్మదిగా చల్లార్చాలి. ఒక్కచోటే కాల్చి గాలికి వదిలేసినవాళ్ల పనే అతుకు పక్కన పగులుతుంది.

మెకానిక్: మంచి పని అనే అనుకుందాం. అసలు ప్రశ్న వేరే. ఈ హెడ్ ఒకసారి మాడింది. మీ వెల్డు సంగతి అటుంచి, లోహం మొత్తం ఇప్పటికే మెత్తబడి ఉంటే? గాస్కెట్ రింగులు హెడ్‌లోకి దిగబడతాయి, బోల్టు ఎంత బిగించినా పట్టు నిలవదు. అతుకు గట్టిగా ఉన్నా హెడ్ నిలబడదు.

మేస్త్రి: అది నిజమైన అభ్యంతరం. పగులు పొడవు కన్నా నేను దానికే ఎక్కువ భయపడతాను. అందుకే రాడ్ ముట్టుకోకముందే గట్టిదనం కొలవాలి. సిలిండర్ల మధ్య మూడు చోట్ల, కాలని మూల ఒకచోట రీడింగ్ తీసి పోల్చాలి. తేడా బాగా కనిపించినా, కంపెనీ ఇచ్చిన హద్దుకి దిగువకు పోయినా అది తుక్కే.

మెకానిక్: హెడ్ వంగిన సంగతేమిటి? అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. కింద ఇనుప బ్లాకు బోల్టులతో పట్టుకుని ఉంటే హెడ్ మధ్యలో పైకి ఉబుకుతుంది. కింద ముఖం ఫేసింగ్ చేసి, అంటే పలచగా కోసి, చదును చేశామంటారు గానీ పైన కామ్‌షాఫ్ట్ బేరింగులు వంపుగానే మిగులుతాయి. అలాగే బిగిస్తే కామ్ పట్టేస్తుంది, లేదా విరుగుతుంది.

మేస్త్రి: చదును చేసేముందే తిన్నగా చేయాలి. మందపాటి ఉక్కు పలక మీద రెండు చివరల కింద షిమ్ములు (పలచటి రేకులు) పెట్టి, మధ్యలో బిగించి, ఓవెన్‌లో గంటలకొద్దీ ఉంచి, అందులోనే చల్లారనివ్వాలి. కామ్‌షాఫ్ట్ పెట్టి వేళ్లతో తిప్పితే తిరగాలి. ఆ తర్వాతే ఫేసింగ్.

మెకానిక్: ఫేసింగ్‌కి ఇందులో మందం మిగిలి ఉందా? ఎత్తు కొలిచి కనిష్ఠ ఎత్తుతో పోల్చండి. కొన్ని డీజిల్ హెడ్లను అసలు కోయనే కూడదంటారు. పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య సందు మిల్లీమీటరు అటూ ఇటూ. 0.2 మి.మీ. కోస్తే వాల్వు కిందికి వచ్చినట్టే. మందపాటి గాస్కెట్ వేయాలి, సీట్లు లోతుగా కోయాలి. పని మీద పని.

మేస్త్రి: కోయడానికి మందం లేకపోతే మార్చాలి, కాదనను. కానీ కొత్తదంటే కళ్లకద్దుకునే సరుకేమీ కాదు. పేరులేని పోత హెడ్లలో నీటిదారుల్లో ఇసుక మిగిలి ఉండటం, గైడ్లు వదులుగా ఉండటం, సీటు గైడుతో ఒకే కేంద్రంలో లేకపోవడం మామూలే. పాతబండి నుంచి విప్పిన హెడ్ అంటావా, అది ఎందుకు విప్పబడిందో ఎవరికి తెలుసు?

మెకానిక్: పాతది నేనూ వద్దంటాను, వేడినీళ్ల టెస్ట్ పాసైతే తప్ప. కొత్తదాన్నీ కడిగి, ఎత్తు, వాల్వు లోతు కొలిచి, ప్రతి వాల్వుకి లీక్ చూసే బిగిస్తాను. అన్నీ చూసినా కొత్తదానికి ఒక గుణం ఉంది, మాడిన చరిత్ర ఉండదు. కాస్ట్ ఐరన్ హెడ్ అయితే నేనింత గట్టిగా వాదించేవాడిని కాదు.

మేస్త్రి: కాస్ట్ ఐరన్‌కి కాల్చనక్కర్లేదు కదా. పగులు వెంట రంధ్రం వేసి, మరలు కోసి, పిన్ను బిగించి, తర్వాతి రంధ్రం ఆ పిన్నును కొంత కొరికేలా వేసుకుంటూ కుట్టేయవచ్చు. వేడి లేదు, వంకర లేదు.

మెకానిక్: ఇక్కడ ఉన్నది అల్యూమినియం. సరే, టెస్టులు చేయండి. గట్టిదనం చాలకపోయినా, ఎత్తు చాలకపోయినా టార్చ్ వెలిగించొద్దు. రెండూ నిలిచి, బుడగ సీట్ల మధ్యే వస్తే అతకండి. అతికాక మళ్లీ వేడినీళ్లలో ముంచి చూపించాలి.

మేస్త్రి: చూపిస్తాను. బ్లాకు ముఖం నువ్వు స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి ఉక్కు బద్ద) పెట్టి చూడు, దాని కింద 0.05 మి.మీ. ఫీలర్ రేకు దూరిందంటే మాన్యువల్ హద్దుతో సరిచూసుకో. బోల్టులు సాగే రకమైతే కొత్తవి తెప్పించు. బోల్టు రంధ్రాల్లో నూనె, నీళ్లు ఊది తీసెయ్. అడుగున ద్రవం ఉండగా బోల్టు బిగిస్తే ఈసారి బ్లాకే పగులుతుంది.

మెకానిక్: అది నాకు చెప్పాలా మేస్త్రీ?

మేస్త్రి: ఇంకొకటి చెప్పాలి. ఆ థర్మోస్టాట్ గిన్నెలో వేసి నీళ్లు మరిగించు, ఏ డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందో చూడు. రేడియేటర్ అడుగుభాగం చల్లగా ఉండిపోతోందా, పంపు రెక్కలు అరిగాయా, ఫ్యాన్ తిరుగుతోందా, ఇంజెక్టర్ కారుతోందా అన్నీ చూడు. ఈ హెడ్‌ని మాడ్చింది అందులో ఏదో ఒకటి. అది దొరక్కుండా కొత్త హెడ్ బిగించావంటే, దాన్ని కూడా ఈ బల్ల మీదికే తెస్తావు.