ఆకుపచ్చ చుక్క వ్రతం

తిరుపతిలో మా బైరాగిపట్టెడలో ఉత్తమ ఉద్యోగి పురస్కారం న్యాయంగా పక్కింటి అక్కకు రావాలి. వచ్చింది మాత్రం ఆమె కొడుక్కి.

అబ్బాయిది ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని. కంపెనీ వాళ్లు అతని ల్యాప్‌టాప్‌లో ఓ నిఘా ప్రోగ్రామ్ పెట్టారు. పది నిమిషాలకోసారి స్క్రీన్ ఫొటో తీస్తుంది. ఎన్ని మీటలు నొక్కాడో లెక్కపెడుతుంది. మౌస్ కాసేపు కదలకపోతే అతని పేరు పక్కనున్న ఆకుపచ్చ చుక్క పసుపవుతుంది. పసుపంటే మనకు శుభం. మేనేజరు గారికి అపశకునం, వెంటనే ఫోను.

అబ్బాయికి చిక్కు తగిలితే మిద్దె మీద పచార్లు చేస్తూ ఆలోచించే అలవాటు. ఆలోచనకు కీబోర్డులో మీట లేదు కనక అది పని కిందికి రాదు. అందుకని అక్క రంగంలోకి దిగింది. నానిన అనపగింజలు ముందు పెట్టుకుని ఒక చేత్తో పితుకుతూ రెండో చేత్తో మౌస్ తిప్పుతుంది. గింజకో తిప్పు. పప్పు గిన్నెలోకి, తొక్కలు కీబోర్డు మీదికి. "అబ్బోడా, ఇంకా పచ్చగానే ఉండాది, నువ్వు నిదానంగా ఆలోచన చేసుకో" అని మిద్దె మీదికి కేక. ఆ వారం రిపోర్టులో అబ్బాయి ఏకాగ్రత అమోఘమని వచ్చింది. పితికిన పప్పు కూర కూడా అమోఘమే, గిన్నెడు మా ఇంటికీ వచ్చింది కాబట్టి సాక్ష్యం చెబుతున్నాను.

అక్క పోపు పెట్టడానికి లేస్తే డ్యూటీ గోడ గడియారానిది. దాన్ని దించి వెల్లకిలా పడుకోబెట్టి పైన మౌస్ పెడితే, కింద సెకన్ల ముల్లు తిరిగినప్పుడల్లా తెర మీద బాణం ఉలిక్కిపడుతుంది. గడియారం సెలవడగదు, ఇంక్రిమెంటూ అడగదు. మేనేజర్లు కోరుకునేది అలాంటి ఉద్యోగినే.

అలిపిరిలో కూడా తనిఖీ ఉంటుంది. సంచి చూసి పంపేస్తారు. ఆపైన 3550 మెట్లలో ఏ మెట్టు మీద ఎంతసేపు కూర్చున్నావని అడిగేవాడు లేడు.

అదే కంపెనీలో ఓ అమ్మాయిని, పన్నెండు నిమిషాలు సీట్లో ఎందుకు లేవని పదిమంది వింటున్న కాల్‌లో నిలదీశారు. నెలసరి అని ఆ పిల్ల నోటితోనే చెప్పించారు. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. సిగ్గులేని జన్మలు! గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఒక్కమాటగా చెప్పారు. 2023 నాటి డేటా రక్షణ చట్టం మాత్రం ఉద్యోగ అవసరాలకైతే సమ్మతి అడగక్కర్లేదని ఓ సందు వదిలింది. ఆ సందులోంచి దూరి వీళ్లు బాత్‌రూమ్ గడప దాకా వచ్చారు.

ఇప్పుడు పిల్లలు యూనియన్ అంటున్నారు. కర్ణాటకలో ఐటీ వాళ్లు 2017లోనే పెట్టుకున్నారట, మనకేం తక్కువని. దరఖాస్తుకు ఏడు సంతకాలు కావాలి. వెనకాల ఉద్యోగుల్లో పదో వంతో, వందమందో, ఏది తక్కువైతే అంతమంది ఉండాలి.

మొన్న రాత్రి మిద్దె మీద మీటింగు. ఆరుగురే వచ్చారు. కింద వరండాలో ఆరు ల్యాప్‌టాప్‌లు, ఆరు మౌసులు, మధ్యలో అక్క. ఏడో మనిషి ఎవరని పైన తర్జనభర్జన పడుతుంటే కింది నుంచి కేక వినబడింది.

"ఆ కాగితం ఇట్ల తేండ్రా, నేను పెడతా సంతకం. పని చేస్తా ఉండేది నేనే గదా!"