కొండకి తీసుకెళ్లాం కదా అంటే సరిపోదు

వేసవి సెలవులొస్తే ఒడిశాలోని బరంపురంలో చాలా తెలుగిళ్లకు తాళాలు పడతాయి. విశాఖ, సింహాచలం, తిరుపతి. చంటిపిల్లలున్న ఇంట్లో బ్యాగులతో పాటు ఆయా కూడా బయల్దేరుతుంది. మామూలు రోజుల్లో పొద్దున్న ఎనిమిదికి వచ్చి సాయంత్రం ఆరుకి వెళ్లిపోయే మనిషి. రైలెక్కాక ఆమెకు ఆ ఆరు గంటలు కొట్టవు. అర్ధరాత్రి బాబు లేస్తే పాలు కలపాలి, క్యూలో గంటల తరబడి ఎత్తుకోవాలి, గదిలో నేల మీద దుప్పటి పరుచుకోవాలి. నెలాఖరున చేతిలో పడేది మాత్రం అదే జీతం. నోరు తెరిచి అడిగితే, "నీకూ దర్శనమైంది కదా మౌసీ (పిన్నీ)" అంటారు.

దర్శనం జీతం కాదు. దర్శనమైంది కదా అనేవాళ్లలో ఉద్యోగస్తులు చాలామందే ఉన్నారు. ఆఫీసు పని మీద భువనేశ్వర్ వెళ్లొస్తే టీఏ, డీఏ (ప్రయాణ భత్యం, రోజు భత్యం) బిల్లు పెడతారు. ఊరు దాటిన గంట నుంచి తిరిగొచ్చిన గంట దాకా అందులో లెక్కే. నిద్రపోయిన రాత్రీ లెక్కలోకి వస్తుంది, ఆ రాత్రి ఆయన తన ఇంట్లో లేడు కనుక. మరి ఆయా తన ఇంట్లో ఉందా? ఆమె పిల్లలకు ఆ వారం అన్నం ఎవరు పెట్టారు?

ఇంటిపనివారి కోసం 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒడంబడిక, పిలిస్తే పలకడానికి కాచుకుని ఉన్న సమయాన్నీ, దేశ చట్టాలు నిర్ణయించిన మేరకు, పనిగంటల కిందే చూడమంటుంది. వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి ఇమ్మంటుంది. మన దేశం దానికి ఓటేసింది, ఆమోదముద్ర మాత్రం ఇప్పటికీ వెయ్యలేదు. ఇంటిపనివారికి చట్టం సంగతి చూడమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఆ చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు, ఇది మన ఇంట్లో మనం తేల్చుకోగల విషయం.

ఆయాను వదిలేసి వెళ్లేవాళ్లు ఇంకో రకం. పది రోజులు ఊళ్లో లేమని పది రోజుల జీతం కోస్తారు. నాగా పెట్టింది ఆమె కాదు, మీరు. కొందరు జీతమిస్తారు గానీ, ఖాళీయే కదా అని ఇల్లంతా బూజులు దులపమంటారు. ఆమె ఒప్పుకున్నది పిల్లను చూసుకునే పని.

టికెట్టు, తిండి ఖర్చు మేమే పెట్టుకుంటున్నాం, మాదీ చిన్న సంసారమే అంటారు. నిజమే. కానీ ఆ టికెట్టు ఆమె సరదా కోసం కొన్నది కాదు, మీ అవసరానికి కొన్నది.

దీని వేరు ఇంకా లోపల ఉంది. కేంద్ర ప్రభుత్వ 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసినవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు గడిపితే, మగవాళ్లు 88 నిమిషాలు గడిపారు. తల్లి ఊరికే చేస్తున్న చాకిరీని ఎవరూ పనిగా లెక్కపెట్టలేదు. అదే చాకిరీ జీతానికి చేసే మనిషి దగ్గరికొచ్చేసరికి రాత్రిపూట గంటలు లెక్కలోంచి జారిపోతున్నాయి. ఇంట్లో భార్య గంటలకు విలువ కట్టని మగవాడికి ఆయా గంటలు కనిపించవు.

ఈసారి టికెట్లు తియ్యకముందే ఆమెను కూర్చోబెట్టి మాట్లాడండి. ఎన్ని రోజులు, రోజుకి అదనంగా ఎంత, ఎక్కడ పడుకుంటుంది, ఏ పూట సెలవు అన్నవి ముందే తేల్చండి. వస్తానో రానో చెప్పే వీలు ఆమెకివ్వండి, రానంటే జీతం కొయ్యకండి. రాత్రి బాబు లేస్తే వాళ్ల నాన్న లేస్తాడు.